టోపీ లేని తలకు సలాం లేదు

టోపీ పెట్టుకున్న మగవాడు మా గడప తొక్కితే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది. ఉత్తరాలు తెచ్చే మనిషైనా సరే, ముందు అది తీసి చంకలో పెట్టుకో, తర్వాత మాట్లాడు అంటాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం పోయింది.

పందొమ్మిది వందల నలభైలలో నేను జహీరాబాద్‌కు కోడలిగా వచ్చాను. మా మామ అల్లం వ్యాపారి. ఇల్లంతా శొంఠి ఘాటే; కొత్తలో తుమ్మి తుమ్మి చచ్చాను. మేం లింగాయతులం. మెడలో లింగం, నుదుట విభూతి లేకుండా మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. అలాంటి ఇంట్లో పుట్టి మా ఆయన అల్లం బస్తాలు వదిలేసి హైదరాబాద్ సర్కారు ఫౌజులో సిపాయిగా చేరాడు. ఎందుకు చేరావంటే "తిండి మంచిగ పెడ్తరు" అనేవాడు. ఒట్టి అబద్ధం. ఆయనకు ఆ టోపీ మీద మోజు.

సెలవు మీద వచ్చినప్పుడల్లా ఫౌజు రూల్స్ చెప్పి నా తల తినేవాడు. టోపీ కుడివైపు వాలాలి, కనుబొమ్మకు వేలు మందం పైన ఆగాలి. వేలికి ఉంగరం ఉండకూడదు, పెళ్లిదైనా సరే. చెవికి పోగు, చేతికి కడియం, నుదుట విభూతి ఏవీ పనికిరావు. లింగం ఉండొచ్చు గానీ చొక్కా లోపల, తాడు కూడా పైకి కనబడకుండా. ఆయన పెళ్లి ఉంగరం నా కొంగు ముడిలోనే ఉండేది.

"గట్లయితే మనిషెందుకు, కట్టెకు తొడిగితే సరిపాయె" అన్నాను ఒకసారి.

"కట్టె సలాం కొట్టదు పిల్లా" అన్నాడు. సలాముకూ ఒక రూలుంది. తల మీద టోపీ ఉంటేనే చెయ్యి ఎత్తాలి. తల బోడిగా ఉంటే ఎత్తకూడదు. చేతులు తొడలకు ఆనించి నిటారుగా నిలబడాలి, అంతే.

నాకు అది పెద్ద ఆటయింది. ఒక మధ్యాహ్నం ఆయన అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుచుకుంటుంటే వెనక నుంచి వెళ్లి టోపీ తలకు తగిలించి "సాబొచ్చిండు" అన్నాను. పల్లికాయలన్నీ కింద పోసి లేచాడు. చెయ్యి కనుబొమ్మ దగ్గర ఉంది. టోపీ లాగేసి మళ్లీ "సాబొచ్చిండు" అన్నాను. చేతులు రెండూ తొడలకు అంటుకున్నాయి. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నేను లేపుతలేను, అదే లేస్తది" అన్నాడు, తన చేతిని తనే చూసుకుంటూ.

ఆ తర్వాత సెలవులు బంద్ అయ్యాయి. హైదరాబాద్ రాజ్యం మీదికి ఇండియా ఫౌజు వస్తుందని బజారంతా గుసగుసలు. దుకాణాల తలుపులు సగమే తెరిచేవారు. మామ అల్లం కొనడం మానేసి, ఉన్న బస్తాలను తలుపు వెనక అడ్డంగా పేర్చాడు. బొంబాయి సడక్ మీద లారీ చప్పుడైతే చాలు, అత్తమ్మ చేతిలో రొట్టె పిండి అలాగే ఆగిపోయేది. ఒక పొద్దున హుమ్నాబాద్ దిక్కు నుంచి ఉరుములాంటి మోత వచ్చింది. ఆకాశంలో మబ్బు లేదు.

మర్నాడు మధ్యాహ్నం పెరటి దడి దాటుకుని ఆయన వచ్చాడు. పల్టన్ చెదిరిపోయిందట. చొక్కా బావిలో పడేసి, ఎవరో గొల్లాయన ఇచ్చిన గొంగడి కప్పుకుని, జొన్నచేలలో పడి నడిచి వచ్చాడు. చేలల్లో దొరికిన సిపాయిలను పట్టి లారీల్లో ఎక్కిస్తున్నారని, ఎక్కడికి తీసుకుపోతున్నారో ఎవరికీ తెలియదని చెప్పాడు. అంతా పారేసినవాడు టోపీ మాత్రం నడుముకు చుట్టి తెచ్చాడు.

"అది పోగొడ్తె సజా పడ్తది" అన్నాడు. శిక్ష వేసేవాళ్లే పారిపోయారు, ఈయనకు సజా భయం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. టోపీ లాక్కుని రొట్టెల పొయ్యిలో తోసేశాను. అది కాలిపోయేదాకా ఆయన పొయ్యి ముందు నిటారుగా నిలబడే ఉన్నాడు.

అప్పుడు చూశాను ఆయన నుదురు. ముఖమంతా ఎండకు నల్లబడి, టోపీ కూర్చున్నంత మేర మాత్రం తెల్లగా ఉంది. కుడి కనుబొమ్మ పైనుంచి ఎడమవైపుకు ఏటవాలుగా, చాకుతో గీసినట్టు గీత. టోపీ కాలింది గానీ దాని గుర్తు మనిషి మీదే ఉండిపోయింది. ఆ గీత చూస్తే ఎవడైనా సిపాయని పట్టేస్తాడు.

అత్తమ్మ విభూతి తెచ్చి నుదురంతా మందంగా పట్టించింది. గీత మునిగిపోయింది. కొంగు ముడి విప్పి ఉంగరం నేను వేలికి తొడిగాను. పంచె కట్టి, లింగం చొక్కా బయటికి వేసుకుంటే, అచ్చం అల్లం వ్యాపారి కొడుకులాగే ఉన్నాడు. నాకు కాస్త ఊపిరాడింది.

అంతలో వీధిలో డప్పు కొట్టారు. ఫౌజు వస్తున్నది, ఇంటింటి మగవాళ్లు సడక్ పక్కన నిలబడాలి, లోపల దాక్కున్నవాళ్లను వదలరు అని చాటింపు. మామ ముందు బయలుదేరాడు. మా ఆయన వెనక నడవబోతుంటే అత్తమ్మ ఆపింది.

"బాపు బతికుండంగ బోడనెత్తితోని సడక్ ఎక్కుతవా? మైల పట్టినోళ్ల లెక్క?"

"వద్దత్తమ్మా, రుమాలు ఇప్పి చూస్తె అనుమానం వస్తది. విభూతి సాలు" అన్నాను.

"అందరి నెత్తిల రుమాలుండి వీనికే లేకపోతె అనుమానం రాదా?" అంది. అదీ నిజమే. మామ పాత రుమాలు తెచ్చి తన చేతులతోనే తలపాగా చుట్టింది. ఆయన చిన్నపిల్లాడిలా తల వంచాడు. నాకు ఆ క్షణంలో గీత మీదే ధ్యాస. పల్లికాయల ఆట ఒక్కసారైనా మనసుకు తట్టలేదు.

మా అరుగు మీద నుంచి సడక్ కనిపిస్తుంది. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మగవాళ్లంతా వరసగా నిలబడి దండాలు పెడుతున్నారు. మామ పెట్టాడు, పక్కన ఆయనా పెట్టాడు. లారీలు పోతూనే ఉన్నాయి, ఎవరూ ఎవరినీ చూడటం లేదు. గండం గడిచిందనుకున్నాను. ఆ వెనక మెల్లగా ఒక జీపు వచ్చింది. అందులో ఆఫీసరు.

జోడించి ఉన్న ఆయన చేతులు విడిపోయాయి. కాళ్లు దగ్గరయ్యాయి. కుడి చెయ్యి లేచి రుమాలు అంచు దగ్గర ఆగింది. అంత చక్కని సలాం ఆయన నాకెప్పుడూ కొట్టలేదు.

జీపు ఆగింది. ఆఫీసరు ఆయన్ని నిదానంగా చూశాడు. తనూ చెయ్యెత్తి సలాం తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాతే వెనకున్న సిపాయికి ఏదో చెప్పాడు. ఆ సిపాయి దిగి రుమాలు విప్పేసి, బొటనవేలితో విభూతి తుడిచాడు. ఇక అడగడానికేం మిగిలింది? మామ ఉర్దూలో, తెలుగులో, కన్నడంలో బతిమాలుతూనే ఉన్నాడు.

ఆ రోజు పట్టుబడ్డవాళ్లలో కొందరు నెలల తర్వాత ఇళ్లు చేరారు. మా ఆయన చేరలేదు. జ్వరమొచ్చి దవాఖానకు పంపించారని ఒకరు, అసలు చూడలేదని ఒకరు చెప్పారు. అత్తమ్మ పోయేదాకా ఆ రుమాలు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమె తప్పు కాదు, ఆయన తప్పు కాదు. మనిషి చేతిని మనిషిది కాకుండా చేసిన ఆ రూల్ రాసినవాడు కనబడితే మాత్రం కడిగి పారేద్దును.

ఆ రోజు ఆయన్ని లారీలోకి ఎక్కించాక నేను సడక్ మీదికి పరుగెత్తి చెయ్యి ఊపాను. ఆయన నన్ను చూశాడు. తల మీద ఏమీ లేదు. రెండు చేతులూ తొడలకు ఆనించుకుని, లారీ మలుపు తిరిగేదాకా నన్నే చూస్తూ నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు.