గోడ అవతలికి విసిరిన కోడి

బడిలో నేను జీవశాస్త్రం చెప్తాను. మాంసాహార జంతువుల కోరపళ్ల బొమ్మను పుస్తకం చూడకుండా బోర్డు మీద గీస్తాను. అలాంటిదాన్ని, మా పెరట్లో కోడి చచ్చిపడి ఉంటే దాన్ని ఏ పళ్లు కొరికాయో వంగి చూడలేదు. చూసి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మా ఇల్లు సిద్దిపేట చివర, కొత్తగా లేచిన కాలనీలో ఉంది. వెనక ప్రహరీ గోడ, దాని అవతల ఎవరూ కట్టకుండా వదిలేసిన ప్లాట్లు, వాటి నిండా సర్కారు తుమ్మ. మా ఆయన దుబాయిలో పనిచేస్తాడు. ఒక్కదాన్నే ఉండలేక, నేను పనిచేసే నంగునూరు వైపు నుంచి నాలుగు నాటుకోడి పెట్టలు, ఒక పుంజు తెచ్చుకున్నాను.

పక్కింట్లో బీడీలు చుట్టే అక్క ఉంటుంది. నాకంటే పదేళ్లు పెద్ద. దౌల్తాబాద్ దగ్గరి పల్లెలో కోళ్ల మధ్య పెరిగిన మనిషి. భర్త పోయాక ఆమెకు తోడుగా మిగిలింది ఒక ఎర్రకుక్క. అది నా స్కూటీ చప్పుడు వింటే వీధి మొదటిదాకా ఎదురొచ్చేది.

ముందు గుడ్లు పోయాయి. గంపలో ఖాళీ పెంకులు కనిపించేవి. తర్వాత ఒక శనివారం ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి నల్లపెట్ట గోడ నీడలో పడి ఉంది. మెడ దగ్గర రక్తం, ఈగలు. పేపరుతో కాళ్లు పట్టుకుని గోడ అవతలికి విసిరేసి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

అంతకు నెల ముందే కాలనీ వాళ్లందరినీ నిలబెట్టి, వెనక ప్లాట్లలో చెత్త పారేయొద్దని గట్టిగా చెప్పింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం అక్క కుక్క నోట్లో నల్లరెక్క పట్టుకుని వీధిలోకి వచ్చింది. కిరాణా దుకాణం ముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

"అక్కా! చూడు నీ కుక్కను! మా కోడిని తిన్నది!"

ఆమె ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి పరుగున వచ్చింది. కుక్క నోట్లోంచి రెక్క లాగి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కోడిని పట్టది టీచరమ్మా. పిల్లప్పటి సంది మీ కోళ్లల్లనే తిరుగుతుంది. కోడి చచ్చి ఏడ పడ్డది? మీరు చూసిన్రా? మెడ మీద గాటు చూస్తే ఏది పట్టిందో నేను చెప్త."

అందరూ నా వైపే చూస్తున్నారు. చూశాను, గోడ అవతల పారేశాను అంటే సరిపోయేది. చెత్త గురించి నేను చెప్పిన మాటలన్నీ అప్పుడే గుర్తొచ్చాయి.

"నేనేం చూడలే. నిన్నటి సంది కోడి కనిపిస్తలేదు. ఎత్తుకపోయింది నీ కుక్కనే."

అబద్ధమని తెలిసే అన్నాను. ఒక్కసారి అన్నాక గొంతు ఇంకా పెరిగింది. రక్తం మరిగిన కుక్క రేపు పసిపిల్లల మీద పడితే ఎవరిది బాధ్యత అని కూడా అన్నాను. పసిపిల్లల మాట వచ్చేసరికి దుకాణం దగ్గరున్న వాళ్లు నా వైపు మాట్లాడారు. అక్క రెక్కను పక్కన పడేసి కుక్కను లోపలికి తోలుకుపోయింది. రెండు రోజులకు కుక్కను రాయపోల్‌లోని చెల్లెలింటికి పంపించింది. ఆటోలో ఎక్కిస్తుంటే అది తోక ఊపుతూనే ఉంది. నేను కిటికీలోంచి చూశాను.

ఆ తర్వాతి ఆదివారం పట్టపగలు పెరట్లో కోళ్లు గోలపెట్టాయి. పరుగెత్తి వెళ్లేసరికి బూడిదరంగు ముంగిస ఒకటి పెట్టను మెడ పట్టి ఈడుస్తోంది. నేను అరవగానే వదిలేసి, గోడ కింద మోరీ నీళ్లు పోయే రంధ్రంలోంచి జారిపోయింది. ఆ రంధ్రానికి జాలీ వేయించాలని మేస్త్రీ ఇల్లు కట్టేటప్పుడే చెప్పాడు. నేనే తర్వాత చూద్దామన్నాను.

అరుపులు విని అక్క వచ్చింది. వారం రోజులుగా మా గడప తొక్కని మనిషి. చచ్చిన కోడి దగ్గర గొంతుక్కూర్చుని మెడ మీది ఈకలు పక్కకు తీసింది.

"ముంగి. ఇగో, మెడ కొరికింది, ఒంటి మీద ఇంకెక్కడ గాటు లేదు. కుక్కయితే నడుం పట్టి ఝాడిస్తది, వాకిలంత ఈకలుంటయి. పిల్లి కోడిపిల్లల్నే ఎత్తుకపోతది. పాము గుడ్డును పెంకుతోటే మింగుతది. మీ గంపల పెంకులు మిగిలినయంటే ముంగి పనే." లేచి చేతులు దులుపుకుంది. "మోరీకి జాలీ కొట్టియ్యున్రి. గోడ పొంటి తుమ్మ కొట్టియ్యున్రి. గుడ్లు పొద్దుగాలనే తీసుకోన్రి."

ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"అక్కా, కుక్కను తెచ్చుకో" అన్నాను.

"ఏడికెళ్లి తెచ్చుకోవాలె? పోయిన మూడో దినమే తాడు తెంపుకొని పోయిందట. మా చెల్లె దేవులాడింది, దొరకలే."

ఇక ఆగలేకపోయాను. కోడిని నేను చూశానని, గోడ అవతల పారేసింది నేనేనని, మోరీ పక్కన నిలబడి చెప్పాను.

"నాకెర్కే" అంది ఆమె. "ఆ దినమే గోడెనకకు పోయి చూసిన. పేపరు ముక్కకు ఈకలు అంటుకొని ఉండె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తే నమ్ముతుండెనా ఎవరన్న? టీచరమ్మ మాట ఇడిసి బీడీలదాని మాట? మీరే చెప్తరేమో అని రెండు దినాలు చూసిన. అటెనుక పంపిన."

నేను మొహం చాటేసిన ఆ రెండు రోజులూ ఆమె ఎదురు చూసింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి ఇద్దరం రాయపోల్ బస్సెక్కాం. హోటళ్ల దగ్గర, మాంసం దుకాణాల దగ్గర అడిగాం. ఎర్రకుక్కలు చాలానే కనిపించాయి. ఏదీ ఆమె పిలుపుకు తలెత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తూ ఉంది. దిగే ముందు మాత్రం అంది: "నలుగురి ముంగట అన్నరు గద. నలుగుట్లనే చెప్పున్రి."

ఆ సాయంత్రం దుకాణం ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. నా అబద్ధం కూడా చెప్పాను. దుకాణదారు నవ్వేశాడు.

"కుక్క కోసం గింత బాధనా టీచరమ్మా? పోనియ్యున్రి. ఊళ్లె కుక్కలకు కరువా?"

మిగతావాళ్లు కూడా నవ్వారు. ఒకతను కూర్చోమని నాకు కుర్చీ జరిపాడు. నా పరువు ఏమాత్రం తగ్గలేదు. ఎదురుగా తన గడప మీద అక్క తలెత్తకుండా తునికాకు కత్తిరిస్తోంది. ఆ కుర్చీలో కూర్చోలేక, ఆమె ఇంటి ముందు నుంచి నడిచి పోలేక, కాసేపు అక్కడే నిలబడిపోయాను.