నీళ్ళు లేవని నేను రాసిన ఊరు

1999 ఏప్రిల్. అప్పటికి నేను అనంతపురంలో భూగర్భ జలాల సర్వే సొంతంగా చేసుకోబట్టి ఎనిమిదేళ్ళయింది. మా వైపు బోరు వేయించాలనుకున్న రైతు ముందు పాయింటు పెట్టించుకుంటాడు, అంటే ఎక్కడ తవ్వాలో గుర్తు పెట్టించుకుంటాడు. కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే మనిషిని పిలుస్తారు. కొందరు నన్ను పిలుస్తారు. నా దగ్గర రెసిస్టివిటీ మీటర్ ఉండేది. నాలుగు ఇనుప కడ్డీలు నేలలోకి దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వచ్చే అంకె చూస్తాం. గట్టి ఎండు రాయి కరెంటును అడ్డుకుంటుంది, అంకె పెద్దదిగా వస్తుంది. రాయి పగిలి ఆ పగుళ్ళలో నీళ్ళుంటే అంకె పడిపోతుంది. ఆ పగులును ఫ్రాక్చర్ అంటాం. మా జిల్లాలో ఎక్కువ చోట్ల అడుగున గ్రానైటే కాబట్టి ఫ్రాక్చర్ దొరికినవాడు పంట పెడతాడు, దొరకనివాడు బెంగుళూరు బస్సెక్కుతాడు.

ఒక ఉదయం ఇద్దరు వచ్చారు. పెద్దాయన ఓబులేసు, గుంతకల్లు స్టేషన్‌లో పార్సిల్ క్లర్కు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో పొడుగాటి నోటుబుక్కు. రెండో అతను రామాంజి, ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీసేవాడు, ముప్పై లోపే. శింగనమల వైపు ముప్పై ఎకరాల మెట్ట అమ్మకానికి ఉందనీ, కొనే ముందు నీళ్ళ సంగతి తేలాలనీ ఓబులేసు చెప్పాడు. నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టాడు. మొదటి పేజీలో గీతలు కొట్టి కాలమ్‌లు వేసి ఉన్నాయి. భూమి, నీళ్ళు, జీవనం, చట్టం, ఇరుగుపొరుగు.

"దీన్ని ఫీజిబిలిటీ స్టడీ అంటారంట కదా సార్. నీళ్ళ కాలమ్ మీరు నింపల్ల."

"ఏం పెడుతున్నారు? ఫ్యాక్టరీయా?"

"ఊరు సార్" అన్నాడు.

ఎవరికి ఊరు అని అడిగాను. రామాంజి తల దించుకున్నాడు. ఓబులేసు మాత్రం పార్సిల్ బరువు చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఆడోళ్ళ మీద మనసు పోని మొగోళ్ళకు. మాకు పేరు లేదు సార్, తిట్లు మాత్రం శానా ఉండాయి. ఇప్పటికి పద్నాలుగు మందిమి ఒప్పుకున్యాం. గుత్తిలో ఇద్దరుండారు, కదిరిలో ఒకాయన పెండ్లాన్ని బిడ్డల్ని పెట్టుకోనే ఉండాడు. ముందు ఇండ్లు కట్టుకుంటాం. జనం పెరిగినాక మాది మాకు వేరే పంచాయతీ అడుగుతాం. మా సర్పంచు, మా వార్డు మెంబర్లు, అంతా మావోళ్ళే ఉండల్ల."

గే అనే మాట నేను అప్పటికి ఇంగ్లీషు పత్రికలో చదివి ఉంటానేమో గానీ, అలాంటి మనిషి నా ఎదురుగా కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అది చట్టం ప్రకారం నేరం కదా అన్నాను.

"ఆ సెక్షను చదివినా సార్. ఊరు పెట్టుకోవద్దని దాంట్లో లేదు."

నాకు కొంచెం వెటకారం వచ్చింది. పిల్లలు పుట్టని ఊరు ఎన్నాళ్ళు నిలుస్తుందని అడిగాను.

ఓబులేసు నవ్వలేదు. "మావోళ్ళు అందరి ఇండ్లలోనూ పుడతానే ఉంటారు సార్. మీ వీధిలో గూడా పుడతారు. వాళ్ళు పరిగెత్తుకోని వచ్చేదానికి ఒక జాగా ఉంటే సాలు."

అప్పటిదాకా మాట్లాడని రామాంజి నోరు తెరిచాడు. "నేను ఒప్పుకున్యాను గానీ నాకు భయమే సార్. అన్నకు చెప్తానే ఉండా. అందరూ ఒక్క తావున ఉంటే ఒక్క అగ్గిపుల్ల సాలు. నలుగురి మధ్యలో కలిసిపోయి ఉంటేనే మేలు."

"ఇప్పుడు ఒక్కొక్కడూ ఒక్కొక్క ఇంట్లో కాలిపోతాండాడు రామాంజీ. అది ఎవురికీ కనపడదు. మన ఊర్లో అయితే పక్కన బకెట్ పట్టుకునేటోడన్నా ఉంటాడు."

పంచాయతీయే ఎందుకు, నాలుగు ఇళ్ళు కట్టుకుని ఉండొచ్చు కదా అన్నాను. దానికి ఓబులేసు నోటుబుక్కు మూసి జవాబిచ్చాడు. "నా ఇరవై రెండో ఏట మా ఊర్లో రచ్చకట్ట ముందర నన్ను నిలబెట్టి తీర్పు చెప్పినారు సార్. ఊరిడిచి పొమ్మన్యారు. కట్ట మీద కూర్చున్నోళ్ళలో మా నాయన గూడా ఉన్యాడు. ఇంకొకడు అట్ల నిలబడల్సి వస్తే, కట్ట మీద మావోళ్ళుండల్ల."

సర్వేకు ఒప్పుకున్నాను. పని పనే కదా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పొలానికి వెళ్ళాం. ఎర్రమట్టి, అక్కడక్కడా గుండ్రాళ్ళు, కిందటి ఏడాది వేరుశనగ కొయ్యలు. నా కూలీలు ఇద్దరితో పాటు ఓబులేసు కూడా సుత్తి పట్టుకుని కడ్డీలు దిగ్గొట్టాడు. రామాంజి వైర్లు లాగాడు. మధ్యలో దప్పికై ఓబులేసు నా నీళ్ళ సీసా అడిగి తీసుకుని తాగాడు. ఎత్తి పోసుకున్నాడో, నోరు పెట్టాడో నేను చూడలేదు. ఆ సీసాను మళ్ళీ ముట్టుకోలేదు. పొలంలోనే వదిలేశాను. రాసేటప్పుడు ఇలాంటివి వదిలేయాలని ఉంటుంది. వదిలేస్తే తర్వాత నేను చేసిన పని ఎక్కడ మొదలైందో మీకు తెలియదు.

మొదటి రెండు చోట్ల ఏమీ లేదు. మూడోది తూర్పు గట్టుకు దగ్గరగా పెట్టాను. కడ్డీలను దూరం జరుపుతూ ఇంకా లోతుకు చూసేకొద్దీ అంకె ఎక్కుతూ పోయి, ఒకచోట తటాలున పడింది. వైర్లు సరిచూసుకుని మళ్ళీ తీశాను. మళ్ళీ పడింది. ఆ ఎనిమిదేళ్ళలో అంత స్పష్టమైన ఫ్రాక్చర్ నేను చూసింది రెండో మూడో. ఓబులేసు నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఏమన్నా ఉండాదా సార్?"

"గ్రాఫ్ వేస్తే గానీ చెప్పలేను. వారంలో రిపోర్టు ఇస్తాను."

అది మా వృత్తిలో మామూలుగా అనే మాటే. ఆ రోజుకు అందులో అబద్ధం కూడా లేదు.

సర్వే అయిన మూడో రోజున, ఆ పొలం ఉన్న ఊరి సర్పంచు శివారెడ్డి మా ఇంటికి వచ్చాడు. పొలం సొంతదారు చెప్పాడో, నా కూలీలు చెప్పారో, వచ్చినవాళ్ళు ఎవరో ఆయనకు తెలిసిపోయింది. కాఫీ తాగి, నెమ్మదిగా మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"వాళ్ళు కొంటే మావోళ్ళు ఊరుకోరు సార్. కొట్టేది, తగలబెట్టేది, కేసులు, ఇవన్నీ నాకిష్టం లేదు. మీరు నీళ్ళు లేవని ఒక్క కాగితం రాసిస్తే వాళ్ళంతట వాళ్ళే పోతారు. ఎవురి మీదా చెయ్యి పడదు."

నన్ను బెదిరించాడని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది. ఆయన బెదిరించలేదు. ఏదో ఇస్తానని ఆశ కూడా పెట్టలేదు. నాకు కావలసిన సాకు మాత్రం తెచ్చిచ్చాడు. వాళ్ళ మేలు కోరే అబద్ధం రాస్తున్నానని నాకు నేను చెప్పుకోగలిగాను. అప్పటికే మా బావమరిది "ఆ బాపతోళ్ళతో నీకేం పని" అని ఒకసారి అని ఉన్నాడు. వాళ్ళ ఊరికి నీళ్ళు చూపించినవాడిగా నా పేరు మిగలడం నాకు ఇష్టం లేదు. అసలు సంగతి అది.

వెళ్ళబోతూ శివారెడ్డి గుమ్మంలో ఆగాడు. "అది సరే గానీ సార్, నిజంగా నీళ్ళుండాయా?"

చెప్పకుండా ఉండొచ్చు. పనితనం మీది గర్వం నా చేత చెప్పించింది. "తూర్పు గట్టు నుంచి నలభై అడుగుల దూరంలో ఉన్నాయి. మంచి నీళ్ళు."

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. మూడో పాయింటు అంకెల్లో నాలుగింటిని మార్చాను. గ్రాఫ్‌లో గీత కిందికి దిగాల్సిన చోట పైకే పోయింది. పక్క పొలమేదైనా చూసుకుంటారేమో అనిపించి, ఎవరూ అడగకపోయినా చివర ఒక వాక్యం చేర్చాను. ఈ పరిసరాల్లో ఎక్కడా బోరు వేయడం మంచిది కాదు.

రిపోర్టు తీసుకోవడానికి ఓబులేసు ఒక్కడే వచ్చాడు. నిలబడే రెండుసార్లు చదివాడు. అంకెల మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. ఏవి మార్చానో అక్కడ కూడా వేలు ఆగలేదు.

"కొబ్బరికాయ పట్టుకునేటోడు చెప్పింటే నమ్మకపోదును సార్. మీరు మిషన్ పెట్టి చూసినారు. ఇంకేముండాది?" అని నోటుబుక్కు తీసి నీళ్ళ కాలమ్‌లో 'లేవు' అని రాసుకున్నాడు. ఎండలో కష్టపడ్డానని నాకు నమస్కారం చేసి పోయాడు.

రెండేళ్ళకు ఆ పొలం శివారెడ్డే కొన్నాడు. నేను చెప్పిన చోటే బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి, మా వైపు చీనీ అనే బత్తాయి మొక్కలు పెట్టాడు. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, పాయింటు పెట్టాలంటే ఈ సారుగారే పెట్టాలని పదిమందికి చెప్పాడు. ఆ ఏడాది ఆ చుట్టుపక్కల నుంచి నాకు చాలా పిలుపులు వచ్చాయి.

2004లో ఓబులేసు మళ్ళీ వచ్చాడు. జుట్టు తెల్లబడింది. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దన్నాడు. శింగనమల బస్సులో పోతూ చీనీ తోట చూశానన్నాడు. దిగి, తోటలో కాపలా ఉన్న ముసలాయనను అడిగాడట. మొదటి బోరుకే పడ్డాయనీ, పాయింటు పెట్టింది అనంతపురం సారేననీ ఆయన చెప్పాడట.

"నేను వేరే ఏమీ అడగను. ఆ పొద్దు మీకు నీళ్ళు కనపడినాయా, లేదా?"

అరవడం, తిట్టడం ఏదైనా చేస్తాడేమోనని ఎదురుచూశాను. చేయలేదు.

"కనపడ్డాయి" అన్నాను.

ఎందుకని ఆయన అడగకముందే నేనే మొదలుపెట్టాను. మిమ్మల్ని కొడతారని భయపడ్డాననీ, మీ మంచికే అనుకున్నాననీ ఏదో చెప్పాను.

"రామాంజిని కొట్టినారు సార్" అన్నాడు. "కిందటేడు. ధర్మవరంలోనే, వాళ్ళ వీధిలోనే. మా పద్నాలుగు మందిలో ఒకాయనతో కలిసి రూములో ఉంటే తలుపు పగలగొట్టినారు. గుండు గొరిగి బజారంతా తిప్పినారు. వాని డిజైన్లు నేసినోళ్ళు గూడా చూస్తా నిలబడినారు. మరుసటి దినం నుంచి యాడికి పోయినాడో తెలీదు. ఇంట్లో ఉన్న గ్రాఫ్ కాగితాలు వాళ్ళమ్మ పొయ్యిలో పెట్టింది. నలుగురి మధ్యలో ఉంటే మేలనేటోడు గదా. నలుగురి మధ్యలోనే కొట్టినారు."

మిగతావాళ్ళ గురించి అడిగాను. నా రిపోర్టు తర్వాత ఇంకో రెండు నెలలు కలుసుకున్నారట. ఆ తర్వాత ఒక్కొక్కరే రావడం మానుకున్నారట. ఇద్దరికి ఇంట్లోవాళ్ళు పెళ్ళిళ్ళు చేసేశారు. "ఆ ఆడపిల్లలు ఏం పాపం చేసినారు సార్, వాళ్ళ బతుకులు గూడా పోయినాయి" అన్నాడు. నా కాగితం వల్ల చెడినవాళ్ళలో నేనెన్నడూ లెక్కపెట్టనివాళ్ళు ఆ ఇద్దరు అమ్మాయిలు.

"మీరొద్దు, పొండి అని మొగం మీద చెప్పింటే ఇంకో జాగా చూసుకునేటోళ్ళం. మాకు పొమ్మనిపించుకునేది అలవాటే. నీళ్ళు లేవని రాసినారు. నేల గూడా మమ్మల్ని వద్దనె అనుకుంటిమి."

ఏం చేయమంటారని అడిగాను. అడగడానికి సిగ్గుపడాల్సిన ప్రశ్న.

"నిజం రిపోర్టు ఒకటి రాసియ్యండి."

"ఇప్పుడెందుకు?"

"ఊరు కట్టేదానికి కాదు. ఊర్లేదు, జనం లేరు. మేం అడిగింది పిచ్చి మాట కాదు, ఆడ నీళ్ళుండె అని ఒక కాగితం నా దగ్గర ఉండల్ల."

పాత ఫీల్డుబుక్కు తీశాను. అసలు అంకెలు అందులో ఉన్నాయి. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే గ్రాఫ్ గీసి, పాయింటు గుర్తు పెట్టి, రిపోర్టు రాసి సంతకం చేశాను. పాత తేదీ వేయాలా అని అడిగాను. ఈ రోజు తేదీయే వేయండి, ఎన్నాళ్ళకు రాసినారో తెలియల్ల కదా అన్నాడు. ఈసారి ఒక్కసారే చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నమస్కారం చేయకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయనను చూడలేదు.

ఆ ఊరు నిలబడేదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. పంచాయతీగా ప్రభుత్వం గుర్తించి ఉండేది కాదు. ఇరుగుపొరుగు కాలమ్‌లో ఆయన ఏం రాసుకున్నాడో గానీ, శివారెడ్డి చెప్పినట్టే జరిగి ఉండొచ్చు. నిలబడేది కాదనే అనుకుంటాను. కానీ నన్ను అది అడగలేదు. నీళ్ళున్నాయా అని మాత్రమే అడిగారు. నాకు తెలిసిన ఒక్క సంగతి మీద అబద్ధం చెప్పి, తెలియని మిగతా నాలుగు కాలమ్‌ల సంగతి కూడా నేనే తేల్చేశాను.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఎక్కువగా భయపడేది ఎండిన బోరుకు. ఉన్నాయని చెప్పిన చోట నీళ్ళు పడకపోతే పరువు పోతుందని వాళ్ళ దిగులు. నిజమే, ఆ తప్పు ఒక్క రోజులో బయటపడుతుంది, ఊరంతా తిడుతుంది. రెండో తప్పు గురించి నేను వాళ్ళకు చెబుతాను. ఉన్న నీళ్ళను లేవని రాస్తే ఎవరూ మనల్ని తిట్టరు. లేవన్న చోట ఎవరూ తవ్వి చూడరు. కాగితం తీసుకుని, నమస్కారం చేసి వెళ్ళిపోతారు.