బావ చేతి చప్పుడు

మొన్న ఖమ్మంలో బట్టల దుకాణం ముందు మా అమ్మాయి రెండు కార్ల సందులోకి తన కారును వెనక్కి పెడుతుంటే, కారే కీచుకీచుమని అరిచి ఆపమంది. "చూశావా అమ్మా, వెనక మనిషితో పనే లేదు" అని మురిసిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మా రోజుల్లో ఆ కీచుమనే ఉద్యోగం మా బావది.

బావంటే అక్క మొగుడు. చండ్రుగొండలో మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. అంతకుముందు లారీల మీద తిరిగినవాడు కావడంతో ఇంట్లో జీపుకు ఆయనే పెద్ద. నాన్నకు నడుము పట్టేసి స్టీరింగు ముట్టుకోలేని ఏడాది అది. అడవి అంచున మా మిరపతోట ఉండేది. జీపు తోలేవాళ్లు లేకపోతే తోటను చూసుకోవడం కుదరదు. "లైసెన్సు తెచ్చుకో అమ్మాయ్, తోట నీకే అప్పజెప్త. రాకుంటే మీ బావ చూసుకుంటడు" అన్నారు నాన్న. డిగ్రీ చదివి ఇంట్లో బియ్యం ఏరుతున్న నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాలువ ఎక్కడ తవ్వించాలో, కాపలా గుడిసె ఎటు తిప్పి వేయించాలో అన్నీ అప్పుడే అనేసుకున్నాను. నేర్పుతానని బావే ముందుకొచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నాను!

పరీక్షలో అసలు కష్టం, రెండు గుంజల మధ్యకు బండిని పక్కగా, వెనక్కి పెట్టడం. గుంజలకు బదులు బావ రెండు ఎడ్లబండ్లు నిలబెట్టించాడు. మా వైపు అప్పట్లో బండి వెనక్కి వచ్చేదంతా క్లీనరు చేతి మీదే. బండి వెనక రేకు మీద చరుస్తూ ఉంటే రావాలి, గబగబా రెండు కొడితే ఆగాలి. పరీక్ష పెట్టే ఆఫీసరు కూడా దానికి అడ్డు చెప్పేవాడు కాదు. "అద్దం గిద్దం జూడకు మరదలా, నా చెయ్యి ఇను. నేనుండంగ నీకేం భయం?" అనేవాడు బావ. అద్దాన్ని తనే అటు తిప్పేశాడు. మధ్యాహ్నపు ఎండలో చెమటతో చేతులు జారుతున్నా, రెండు దెబ్బలు పడ్డచోట ఠక్కున ఆపేదాన్ని. ఎడ్లబండికి గీత కూడా పడలేదు. నాకంటే ఆయన చేతినే ఎక్కువ నమ్మాను.

పరీక్ష రోజు ఖమ్మంలో బావ వెనక నిలబడ్డాడు. "రానీ... రానీ..." చెయ్యి పడుతూనే ఉంది. వచ్చాను. ఇంకా వచ్చాను. రెండు దెబ్బల కోసం చెవులు రిక్కించుకుని ఉండగానే గుంజ ఫెళ్లున విరిగింది. ఆఫీసరు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

"ఆపమని కొట్టలేదేం బావా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"కొట్టిన. ఇంజను సప్పుడుల నీకే ఇనపడలే."

ఇనపడలేదేమో, తప్పు నాదేనేమో అని తిరుగుదారిలో తల్లాడ దాటేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంటికి చేరేసరికి అరుగు మీద చుట్టిన పరుపులు, గోనెసంచిలో సర్దిన గిన్నెలు ఉన్నాయి. అక్క కిరసనాయిలు పొయ్యిని తాడుతో కడుతోంది.

"ఇవన్నీ ఏందక్కా?"

"తోట కాడికి. అక్కడ్నే ఉండి చూసుకోవాలె గద. పొద్దుగాల మీరు పోయేటప్పుడే సర్ది పెట్టుమన్నడు మీ బావ."

నేనింకా పరీక్షకు బయల్దేరకముందే! బావ వైపు చూశాను. జీపు దిగి, కుండలో నీళ్లు ముంచుకుని తాగుతున్నాడు. అక్క కాపురం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మళ్లీ వెళ్లాను, ఈసారి ఒక్కదాన్నే, అద్దం చూసుకుంటూ. గెలిచాను. లైసెన్సు చూపిస్తే నాన్న చేతిలో అటూ ఇటూ తిప్పి, "అల్లునికిచ్చింది మళ్ల ఎట్ల అడగాలె బిడ్డా" అన్నారు.

ఇప్పుడు బావకు చూపు ఆనదు. దవాఖానాకు నేనే తీసుకెళ్తుంటాను. పోయినసారి దారిలో ఆ పరీక్ష సంగతి అడిగాను. "నువ్వు పరీక్ష తప్పినవా? ఎప్పుడు?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. ఇన్నేళ్లలో కాలం ఆయనకు మరుపునిచ్చింది. నాకు, జవాబు చెప్పేవాడు లేని ప్రశ్న మిగిల్చింది.