వియత్నాంలో చంద్ర హాట్‌స్పాట్

మా మార్కాపురంలో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే మొదట నవ్వేది నేనే. కంభం చెరువు కట్ట మీద తెల్లచీర మనిషి కనపడిందని ఒకాయన వణుకుతూ చెబితే, ఆ చీర ఏ కొట్లో కొన్నదో కనుక్కోకుండా ఎందుకొచ్చావని అడిగి పంపించాను. దయ్యాలు లేవని నాకు ఏ సైన్సు మాస్టరూ చెప్పలేదు. ఎనిమిదిలోనే బడి ఎగ్గొట్టినవాణ్ని, నేను ఆ పాఠం దాకా పోలేదు. నా కళ్లకు కనపడలేదు కాబట్టి లేవన్నాను, అంతే.

ఇప్పుడు కూడా ఉన్నాయని అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకేమైనా అర్థమైతే నాకూ చెప్పండి.

నాకు మార్కాపురంలో సిమెంటు, పెయింట్ల దుకాణం ఉంది. గిద్దలూరులో ఓబులయ్యదీ అదే వ్యాపారం. చుట్టరికం లేకపోయినా ఆయన్ను బావా అనే పిలుస్తాను. సంవత్సరంలో ఇంత సరుకు అమ్మినవాళ్లను కంపెనీవాళ్లు విమానం ఎక్కించి ఏదో ఒక దేశం తిప్పుకొస్తారు. మా డీలర్లకు అది పెళ్లికంటే పెద్ద సంబరం.

ఈ వియత్నాం టూరుకు ముందు ఏడాది థాయిలాండు తీసుకెళ్లారు. గిద్దలూరు దుకాణం తరఫున ఓబులయ్య కొడుకు చంద్ర వచ్చాడు. పెళ్లికాని పిల్లగాడు, నాకంటే నోరు ఎక్కువ. ఆ టూరులో నేను సిమ్ కొనకుండా, చంద్ర ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టించుకుని ఉన్నన్నాళ్లూ వాడి నెట్టు మీదే బతికాను. మావాళ్లలో అది మామూలే. ఒకడు కొంటే నలుగురం దాని మీద పడతాం. వాడు రెండు రోజులు చూసి హాట్‌స్పాట్ పేరు మార్చేశాడు. నేను వైఫై తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో "సిగ్గులేని మామ" అని కనపడింది. పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే చెప్పలేదు. నా ఫోను లాక్కుని, అటు తిరిగి వాడే కొట్టి ఇచ్చాడు.

తిరిగొచ్చిన కొన్ని నెలలకు, నంద్యాల నుంచి గిద్దలూరు వస్తుంటే నల్లమల ఘాట్‌లో చంద్ర బండిని లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. కొడుక్కి తండ్రే కర్మ చేశాడు.

పోయేలోపే చంద్ర ఆ ఏడాది అమ్మకాలు దాదాపు పూర్తి చేసిపెట్టాడు. వియత్నాం టూరుకు గిద్దలూరు దుకాణం పేరు వచ్చింది. ఏడాది తిరగకముందే, కర్మ చేసిన మనిషి సముద్రం దాటకూడదని వాళ్ల పెద్దలు అడ్డం చెప్పారు. ఓబులయ్య వినలేదు. "వాడు కష్టపడి సంపాదించిన సీటు. ఖాళీగా పోతే నా మనసు ఒప్పుకోదు" అన్నాడు. వాళ్ల ఇంటావిడ నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఈయన తిండి మానేసినాడు, బీపీ మాత్రలు గూడ వేసుకోడంలేదు. నువ్వుంటావనే పంపిస్తుండా" అంది. మనిషిని మనిషిగా తిరిగి తీసుకొస్తానని మాటిచ్చాను.

ఈసారి అడుక్కోవడానికి చంద్ర లేడు. మా బజారులో సెల్ షాపు నడిపే బాషా దగ్గర ఈ-సిమ్ తీసుకున్నాను. అది చేతికి దొరికే సిమ్ కాదు. ఒక నల్లగళ్ల బొమ్మను స్కాన్ చేస్తే ఫోన్లోకి ఎక్కుతుంది. దయ్యాలను నమ్మనివాణ్ని, కంటికి కనపడని సిమ్ముకు డబ్బులెట్లా ఇచ్చానో నాకే తెలియదు. బాషా ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "అన్నా, దిగినంక ఈ-సిమ్‌కు డేటా రోమింగ్ ఆన్ చెయ్యాల. దానికి బిల్లు రాదు. మన సిమ్ముకే రోమింగ్ ఆఫ్‌లో ఉండాల."

తల ఊపాను. కానీ దిగాక ఆ మీట నొక్కడానికి చెయ్యి రాలేదు. మా డీలర్లలో రోమింగ్ అన్నమాట వింటేనే జ్వరం వస్తుంది. ఎవరికో దుబాయిలో వేలకు వేలు బిల్లు వచ్చిందనే కథ ప్రతి టూరులోనూ తిరుగుతుంది. బస్సులో నా ఫోను చూసినవాడల్లా "వద్దన్నా, దాన్ని ముట్టుకోవాకు" అన్నాడు. అసలు సిమ్ముకూ ఈ-సిమ్ముకూ తేడా వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. భయానికి ఊరి సిమ్మును కూడా ఆపేశాను. ఈ-సిమ్ సిగ్నల్ గీతలు చూపించేది, నెట్టు మాత్రం రాదు. హోటలు వైఫైతోనే కాలం గడిపాను.

ఓబులయ్య ఇదంతా చూసి, "ఏం బామ్మర్దీ, నీ సిమ్ముకు నొప్పులు మొదలైనాయా, ఇంకా నెలలు నిండలేదా?" అన్నాడు. కొడుకు పోయినాక ఆయన నోట విన్న మొదటి ఎగతాళి అది. నెట్టు రాకపోయినా ఫర్వాలేదనిపించింది.

మరుసటి రోజు సముద్రం పక్కన పాలరాయి చెక్కే ఊరికి తీసుకెళ్లారు. మిగతావాళ్లు కొండ మీది గుహలు చూడటానికి పోయారు. ఓబులయ్య మెట్లెక్కలేనన్నాడు. మా వైపు పలకల గనులు చూసిన కళ్లు కదా, రాయి ఎట్ల కోస్తారో చూద్దామని ఆయనే వెనక సందుల్లోకి నడిచాడు. ఫోను హోటల్లోనే చార్జింగుకు పెట్టి వచ్చాడు. నేనూ వెంట పోయాను.

మధ్యాహ్నం. పనివాళ్లు తిండికి పోయినట్టున్నారు, రేకుల షెడ్లన్నీ ఖాళీ. రెండు వైపులా మనిషెత్తు పాలరాతి బొమ్మలు వరసగా ఉన్నాయి. సగం చెక్కినవి, ముఖాల్లో కళ్లు ఇంకా తీయలేదు. ఒంటి నిండా తెల్లటి దుమ్ము. రంపం చప్పుడు లేదు, కుక్క మొరగలేదు.

ఓబులయ్య ఒక బొమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. మూతి ఒక పక్కకు జారింది. చెయ్యి బొమ్మ మీద నుంచి జారింది. మనిషి కూలబడ్డాడు.

మా అమ్మకు పక్షవాతం వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. చూడగానే అర్థమైంది. ఆలస్యమైతే ఏమవుతుందో కూడా తెలుసు.

కేకలు పెట్టాను. ఏదో షెడ్డు వెనక నుంచి ఒక ముసలామె వచ్చింది. ఎండదెబ్బ అనుకుంది పాపం. కణతలకు పచ్చటి నూనె రాసి, నీళ్లు తాగించబోయింది. వద్దని చేతులడ్డం పెట్టాను. అంబులెన్సు అన్నాను, డాక్టరు అన్నాను, సైరన్ కూత కూడా కూశాను. ఆమె నన్ను చూసి భయపడింది. వచ్చిన సందు ఏదో నాకు గుర్తులేదు. ఫోను తీశాను. నెట్టు లేదు. రోమింగ్ సంగతి ఆ క్షణాన తట్టనే లేదు. మాటిచ్చొచ్చిన నేను, కళ్లు లేని బొమ్మల మధ్య బావ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఫోను మోగడం మొదలుపెట్టింది. వాట్సాప్ మెసేజీలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. సిమ్ముకు ఇప్పటికి బుద్ధొచ్చిందనుకున్నాను. వెంటనే మా గైడుకు వాట్సాప్ కాల్ చేశాను. వియత్నాం మనిషే, ఇంగ్లీషు, కొంచెం హిందీ వచ్చు. బావ పడిపోయిన సంగతి చెప్పి, ఫోను ముసలామెకిచ్చాను. ఆమె రెండు ముక్కలు విని, ముఖం మారిపోయి, ఆ చోటు పేరు చెప్పింది. గైడు అంబులెన్సు పిలుస్తానన్నాడు, ఫోను పెట్టొద్దన్నాడు.

ఫోను చెవికి తిప్పుకోబోతూ తెర పైఅంచున చూశాను. మొబైల్ డేటా గుర్తు లేదు. వైఫై గుర్తు ఉంది, నిండుగా. ఇక్కడ వైఫై ఏంటని వేలితో కిందికి లాగాను.

సిగ్గులేని మామ. కనెక్టెడ్.

నాకు భయం వేయలేదు. భయపడటానికి ఖాళీ లేదు. ఎవరైనా ఉన్నారేమోనని తలెత్తి మాత్రం చూశాను. ముసలామె, ఓబులయ్య, బొమ్మలు. ఓబులయ్య కళ్లు నా వైపు లేవు. నా భుజం పైనుంచి వెనక్కి చూస్తున్నాడు. ఏదో చెప్పాలని పెదవి కదిలింది, మాట రాలేదు. నేను వెనక్కి తిరిగాను. ఏమీ లేదు.

అంబులెన్సు వచ్చింది. ఆయన్ను ఎక్కించి తలుపు వేసిన మరుక్షణం కాల్ తెగిపోయింది. ఆ పేరు పోయింది. మళ్లీ రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరు, సమయానికి తెచ్చారు కాబట్టి ప్రాణం దక్కిందన్నాడు. మాట కొంత తిరిగొచ్చింది. కుడిచెయ్యి రాలేదు.

ఆ సాయంత్రం హోటల్లో కూర్చుని ఫోనంతా గాలించాను. ఈ-సిమ్‌కు రోమింగ్ ఆఫ్‌లోనే ఉంది. కొన్న డేటాలో చుక్క కూడా ఖర్చు కాలేదు. గైడు ఫోన్లో మాత్రం నా కాల్ ఉంది, మాట్లాడినంతసేపూ లెక్క ఉంది. థాయిలాండు గైడు వేరు, ఈయన వేరు. చంద్ర ఈయన్ను చూసింది లేదు.

ఊరికొచ్చాక బాషాకు చెప్పాను. "అన్నా, అదే పేరు ఇంకెవురన్నా పెట్టుకోనుండచ్చు" అన్నాడు. వియత్నాంలో తెలుగు తిట్టు ఎవడు పెట్టుకుంటాడురా అన్నాను. కాసేపు ఆలోచించి, "పేరొకటే అయితే చాలదన్నా. పాస్‌వర్డు గూడ అదే ఉండాల. లేకుంటే నీ ఫోను దానంతటది ఎక్కదు" అన్నాడు. ఆ తర్వాత వాడు టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు.

గిద్దలూరు పోయి, ఓబులయ్య ఇంటావిడను చంద్ర ఫోను చూపించమని అడిగాను. పోలీసులిచ్చిన ప్లాస్టిక్ కవరులో అట్లాగే ఉంది. అద్దం పొడిపొడి, వెనక భాగం పగిలి లోపలి ముక్కలు బయటికొచ్చాయి. దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు, చేసినా కాదు.

ఓబులయ్యకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు మథనపడ్డాను. చివరికి చెప్పాను. కొడుకు తండ్రిని కాపాడుకున్నాడని వింటే ఆ మనిషికి కాస్త ఊరట అనుకున్నాను. మంచం మీద గోడకానుకుని మొత్తం విన్నాడు.

"గీతలెన్నుండె?" అన్నాడు.

"నిండుగా ఉండె బావా."

"అంటే దూరంగా లేడు. పక్కనే ఉన్నాడు."

అవునన్నాను.

"నాకు కనపడినాడు రా. నీ ఎనక నిలబడి, రా నాయనా అని చెయ్యి చాపినాడు. నేను లెయ్యబోతిని." ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "వాడు నన్ను తీస్కపోను వచ్చినాడు. నువ్వు వాడి నెట్టుతోనే ఫోన్జేసి నన్ను ఆపేసినావు."

 పక్కనున్న దుప్పటి తీసి ఆయన కాళ్ల మీద కప్పాను.

"అంబులెన్సు తలుపేసినంక ఆ పేరు మళ్లీ వచ్చిందా?" అన్నాడు.

"లేదు బావా."

తల గోడవైపు తిప్పుకున్నాడు. ఇంటావిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నట్టుంది. ఆమె నా వైపు చేతులు జోడించింది. ఆయన మాత్రం నేను వెళ్లొస్తానన్నా తిరగలేదు.

ఇప్పటికీ గిద్దలూరు పోతే ఆ ఇంటికి పోతాను. ఆమె కాఫీ ఇస్తుంది, ఆయన మాట్లాడడు. ఆ నెట్టు నా ఫోనుకు ఎట్ల వచ్చిందో నాకు తెలియదు, బాషాకూ తెలియదు. ఆ పిల్లగాడు తండ్రిని బతికించమని ఇచ్చాడా, లేక తండ్రి కోసం వచ్చి నిలబడ్డవాడి దారికి నేను అడ్డం పడ్డానా, అది అంతకన్నా తెలియదు. మాటిచ్చినట్టు మనిషిని తీసుకొచ్చాను. మనిషిగా తెచ్చానో లేదో ఆయన్నే అడగాలి. అడగడానికి నాకు ధైర్యం లేదు.