విల్లుపిల్ల అడిగినదానికల్లా ఊ అన్నాం

డిగ్రీ వచ్చేసిందండీ! మా వంశంలోనే మొదటి డిగ్రీ, అదీ నలభై ఏళ్లు దగ్గర పడ్డాక, దూరవిద్యలో, ఇంగ్లీషు సాహిత్యంలో. సర్టిఫికెట్టు చేతికందిన పూట నా నోరు ఆగలేదు. పాలావిడకి చెప్పాను, ఇస్త్రీబండి ఆయనకి చెప్పాను, రాంగు నంబరు కలిపి నాకు ఫోన్ చేసినాయనకి కూడా చెప్పాను, పాపం ఆయన సంతోషించి మరీ పెట్టేశాడు. ఆఖరికి మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నకి చేస్తే, ఫోన్లో వెనక నుంచి కత్తుల చప్పుడు, గుర్రాల సకిలింపు. వాళ్లమ్మాయి కంప్యూటర్లో ఆడుకుంటోందట. "మన పాత ఆటే పాపా, కొత్త బట్టలు కట్టుకోని వచ్చుండాది" అన్నాడు అన్న, నన్నింకా పాపా అనే పిలుస్తాడు. అంతే, నా డిగ్రీ సంగతి నేనే మరిచిపోయి తమిళుల ఊళ్లో, గోరిమేడు పేటలో మా పెద్దమ్మ వాళ్ల ముందుగదిలోకి వెళ్లిపోయాను.

రెండువేలు దాటిన తొలి ఏళ్లు అవి. అన్న అదే ఊళ్లో రెడ్డియార్‌పాళయంలో ఒక బ్రౌజింగ్ సెంటరులో పని చేసేవాడు, పాత భాగాలు ఏరి తెచ్చి ఇంట్లోనే ఒక కంప్యూటరు బిగించాడు. ప్లస్ టూ పరీక్షలు రాసి నేను సెలవులకి అక్కడే ఉన్నాను. మంత్రాలూ రాక్షసులూ ఉన్న ఆ ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. కొట్లాట అన్న పని, చదివి మా ఇంటి తెలుగులో చెప్పడం నా పని, మధ్యలో చాపేసుకుని కూర్చుని తీర్పులివ్వడం మా అవ్వ పని. నాకు ఇంగ్లీషు మీద ఆశ పుట్టింది బడిలో కాదు, అక్కడే, ఒడిలో డిక్షనరీ పెట్టుకుని.

ఆటలో మా నాయకుడి వెంట నడిచే వాళ్లలో విల్లు పట్టుకున్న ఒక అమ్మాయి ఉండేది. దోపిడీగాళ్లు ఆమె ఊరు కాల్చి, అయినవాళ్లందర్నీ చంపారు. ఆమె మా నాయకుణ్ణి బ్రదర్ అని పిలిచేది. ఆ మాటకి నేను అన్నా అని అర్థం చెప్పానో లేదో, అవ్వ ఆమెని ఇంటి ఆడపిల్ల కింద లెక్క కట్టేసింది. మా ఇళ్లల్లో ఆడపిల్ల నోరు తెరిచి అన్నా అని అడిగితే కాదనడం అరిష్టం. బియ్యం అయిపోయినా లేవు అనకుండా నిండుకున్నాయి అనే ఇల్లు మాది!

విల్లుపిల్ల ఏదైనా అడిగినప్పుడల్లా తెర మీద సరే అనీ, వద్దు అనీ రెండు జవాబులు వచ్చేవి. దోపిడీ నాయకుణ్ణి వెతుకుదామా అంది. సరే. దొరికాక చంపుతానంది. సరే. వాడికి అన్నం పెట్టిన వంటవాణ్ణి కూడా అన్నప్పుడు నాకు కొంచెం ఏదోలా అయి అన్న వైపు చూశాను.

"ఏందిరా ఆలోచిస్తా ఉండావు? తోడబుట్టినదాని మాదిరి అన్నా అన్నా అంటా ఉంటే నీకు నోరు రాదా? ఊ అని చెప్పు!" అంది అవ్వ.

అన్న సరే నొక్కాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే సెంటరు యజమాని, ఏదో సామాను పోయిందని, పదిమంది ముందు అన్నని దొంగ అని పని మాన్పించాడు. అన్న తియ్యలేదు. అయినా రోడ్డు మీద తలెత్తుకోలేకపోయాడు. ఒక పొద్దున మేడ మీద నన్ను పిలిచి ఒక సీడీ చూపించాడు. అది పెడితే సెంటరు కంప్యూటర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయట. తనని గడప తొక్కనివ్వరు, నన్నయితే ఎవరూ అనుమానించరు. "నువ్వు పెట్టి వచ్చేయి పాపా, అన్న కోసం" అన్నాడు. ఆ కంప్యూటర్లలో కాలేజీ పిల్లల ప్రాజెక్టులు ఎన్నో ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. అయినా అడిగింది అన్న కదా, ఊ అన్నాను.

ఆ మధ్యాహ్నమే ఆటలో విల్లుపిల్ల ఆఖరి కోరిక అడిగింది. కొండ అవతల ఆ దోపిడీ నాయకుడి తల్లీ, పిల్లలూ ఉంటున్నారట, వాళ్లనీ వదలనంది. అవ్వ కునుకు తీస్తోంది. అన్న అలవాటుగా సరే నొక్కేశాడు. ఆమె పూరింటి తలుపుకి బయట గడియ పెట్టి నిప్పంటించింది. సంగీతం ఆగిపోయింది. లోపలి నుంచి కేకలకి అవ్వ లేచి కూర్చుంది.

"లోపల పిలకాయలు ఉండారు కదరా! ఆపరా దాన్ని, ఆ పిల్ల యాడ పోతా ఉండాది?"

ఆపడానికి మీట ఏదీ లేదు. విల్లుపిల్ల మా నాయకుడి ముందుకొచ్చి నిలబడింది. ఆమె మాటలు నాలో నేనే చదువుకున్నాను. ప్రతిసారీ నీ ముఖం చూశాను బ్రదర్, ఒక్కసారైనా వద్దంటావేమోనని, అంది. అని చీకట్లోకి వెళ్లిపోయింది.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. నేను అన్న వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి, "వద్దన్నా. సెంటరుకి నేను పోను. నువ్వూ పోవద్దు" అన్నాను. అన్న ముఖం నల్లబడింది. "నువ్వు కూడానా పాపా?" అని చెప్పులేసుకుని బయటికి నడిచాడు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఉన్నది ఆ ఒక్క అన్నే.

తర్వాత కొన్నాళ్లు అన్న అలిగాడు. కంచం నేను పెట్టినా మంచినీళ్లు పెద్దమ్మనే అడిగేవాడు. ఒకరోజు మేడ మీదకి వెళ్తే అవ్వ వడియాల దగ్గర ఆ సీడీ దారానికి వేలాడుతోంది, కాకులు బెదిరి పారిపోతున్నాయి. కట్టింది అన్నేనట. కిందకి వచ్చేసరికి ఆట మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, "చదువు పాపా, ఏందంటా ఉండాది ఆ పిల్ల?" అన్నాడు, తల తిప్పకుండానే. ఈసారి వంటవాడి దగ్గరే వద్దు అని నొక్కాం. ఆమె అలిగింది, మంట పక్కన ముఖం తిప్పుకుని కూర్చుంది, కానీ మమ్మల్ని వదిలి పోలేదు. అవ్వకి ఎంత సంతోషమో!

ఆ ఏడే నాకు పెళ్లయింది, చదువు అక్కడితో ఆగింది. అన్న తర్వాత సొంతంగా రిపేరు షాపు పెట్టుకుని నిలబడ్డాడు. తన పగని నా ఒక్క మాట కోసం దిగమింగిన మనిషికి ఏమిచ్చి రుణం తీర్చుకోను? కాదన్నా ప్రేమ పోదని నాకు నేర్పింది ఆయన అలకే, ఆ తర్వాత ఆయన కట్టిన ఆ దారమే.

ఇప్పుడు మన ఇళ్లల్లో తలా ఒక తెర. పక్కవాళ్లని ఎవరు ఏమడుగుతున్నారో, వాళ్లు దేనికి తలూపుతున్నారో మనకి తెలియదు. నేనేం చెప్పినా పిల్లలు సరేనమ్మా అంటారు, స్నేహితులు ఫోన్లో బొటనవేలు బొమ్మ పంపిస్తారు. ఈమధ్య నన్నెవరూ వద్దు అనడం లేదు. అది నా మీద గౌరవమో, నేనే వాళ్లకి అంత దూరమయ్యానో తేల్చుకోలేక, ఒక్కోసారి ఊరికే తప్పు మాట ఒకటి అని, ఎవరైనా వద్దంటారేమోనని చూస్తాను.