పాత కిటికీ మూసే ముందు

ఈ ఉదయం కొత్త కంప్యూటర్‌లో లైనక్స్ ఎక్కించి, దూరం నుంచి లాగిన్ కావడానికి సర్వర్ అమర్చాను. ఇక పాతదాన్ని ఆపేయాలి. కాలిన వాసన వస్తోందని మా ఆయన గోల పెడుతున్నారు. తెర మీద దాని విండో, మా అన్న భాషలో కిటికీ, ఇంకా తెరిచే ఉంది. మూయడానికి నాకు చేతులు రాలేదు.

ఆ పాత కంప్యూటర్ అన్నదే. ఫలక్‌నుమాలో నాన్న బర్రెల కొట్టం పక్క గదిలో అన్న కంప్యూటర్లు బాగుచేసేవాడు. నేను చాంద్రాయణగుట్టలో ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు, అక్కడి నుంచే ఇంటి కంప్యూటర్‌లోకి వచ్చి పని నేర్చుకుంటానంటే, అన్న ఒకరోజు మా ఆఫీసుకు వచ్చి నా కుర్చీలో కూర్చుని ఇంటి సర్వర్‌ను సరిదిద్దాడు. పాస్‌వర్డ్‌కు బదులుగా పెట్టిన కొత్త తాళంచెవి ఫైలు పనిచేస్తుందో లేదో చూడకుండానే పాస్‌వర్డ్ దారి మూసేశాడు, ఆపైన తెరిచి ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేశాడు. అంతే, మళ్లీ లోపలికి పోయే దారి లేక ఇద్దరం బయటే ఉండిపోయాం. దాని ముందే కూర్చుని సరిచేయాలని బస్సెక్కి ఇంటికి పోతూ దారంతా ఒకటే నవ్వు.

"యాది వెట్టుకో చెల్లె, కొత్త తలుపు తెరుసుకునేదాంక పాత కిటికీ మూయొద్దు," అన్నాడు.

తెలుగు ఆ తెర మీద సరిగా పడని రోజులవి, మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను లాగిన్ కాగానే "వచ్చినవా చెల్లె? తిన్నవా?" అని ఇంగ్లిషు అక్షరాల్లో కనిపించేలా పెట్టాడు. సరదాకి "తిన్న" అని కొడితే, అలాంటి ఆదేశం లేదని వచ్చింది. ఆ మాట చెప్పి నవ్వానని, మర్నాటికల్లా దాన్నే ఆదేశంగా చేసేశాడు. అప్పటి నుంచి "తిన్న" అని కొడితే చాలు, "జూటా మాటలొద్దు, డబ్బా ఇప్పు" అని, నేను అబద్ధమాడినట్టే కసిరేది. నేను నిజంగానే టిఫిన్ డబ్బా విప్పేదాన్ని.

అన్న నిరుడు గుండె ఆగి పోయాడు.

కొత్త కంప్యూటర్ తలుపు ఇవాళ మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుంది. అన్న రాసిన పలకరింపు ఫైలు పాతదాన్నుంచి ముందే తెచ్చిపెట్టాను కనుక, అదే మాట అడిగింది. అలవాటుగా "తిన్న" అని కొట్టాను. అలాంటి ఆదేశం లేదంది. దాన్నీ తెచ్చుకోవచ్చు, క్షణం పని. కానీ నా చేత్తో నేను పెట్టుకున్న చీవాట్లకు నేనే జడుస్తానా?

పాత కిటికీలో కొట్టాను. కసిరింది. పొద్దుటి నుంచి నిజంగానే ఏమీ తినలేదు. లేచి అన్నం పెట్టుకుని, దాని ముందే కూర్చుని ఏడుస్తూ తిన్నాను. చేయి కడుక్కుని మళ్లీ "తిన్న" అని కొట్టాను. దానికేం తెలుసు, జూటా మాటలొద్దనే అంది.

కిటికీ మూసేశాను. ఇకమీదట తిన్నానంటే అందరూ నమ్మేస్తారు.