మేడం చూపించిన కదిలే గ్రాఫ్

మా లెక్కల మేడం ఇక లేరని మొన్న భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. నేను మహబూబాబాద్ కాలేజీలో క్లాసులో ఉన్నాను. పిల్లలకు విషయం చెప్పి, మళ్లీ పాఠం మొదలుపెట్టాను. క్లాసు ఆపడం ఆమెకు నచ్చేది కాదు.

తెలంగాణ కోసం సమ్మె నడిచిన రోజుల్లో భూపాలపల్లిలో మా కాలేజీ బంద్. బొగ్గు గని కార్మికులతో పాటు మేడం కూడా దీక్షా శిబిరంలో కూర్చునేవారు. మధ్యాహ్నం ఆ టెంటు వెనకే మాకు పాఠం చెప్పేవారు. నేను తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. ఇంట్లో మేం మాట్లాడేది లంబాడీ భాష. పుస్తకంలోని తెలుగు నాకు ఎక్కేది కాదు. లెక్కల్లో ఫెయిలై, అన్నతో హైదరాబాద్‌కు కూలికి పోతానన్నాను.

"పోదువు గని, జర గిదొక్కటి చూసి పో బిడ్డా," అన్నారు మేడం.

లాప్‌టాప్‌లో ఒక నోట్‌బుక్ తెరిచారు. కాగితాలది కాదు. తెర మీద సమీకరణం టైపు చేస్తే కిందే గ్రాఫ్ రావాలి, స్లైడర్ జరిపితే అది కదలాలి. ఖాళీ డబ్బా మాత్రమే వచ్చింది. గ్రాఫ్ గీసే ఫైళ్లు నెట్ నుంచి రావాలి, అక్కడ నెట్ లేదు.

"ఏంది మేడం, మీ గ్రాఫ్ గూడ సమ్మెల ఉన్నదా?" అన్నాడు ఒక కార్మికుడు. అందరికంటే ఎక్కువ మేడమే నవ్వారు.

మర్నాడు ఆమె రాలేదు. బస్సులు బంద్ కావడంతో ఆటోలు, లారీలు మారి జనగామలో నెట్ ఉన్న తమ్ముడింటికి వెళ్లి, ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. తిరిగొచ్చేసరికి ముఖమంతా దుమ్ము.

ఈసారి గ్రాఫ్ వచ్చింది. "నువ్వే జరుపు," అన్నారు. జరిపాను. గిన్నెలాంటి వక్రరేఖ వెడల్పయింది, సున్నా దగ్గర చదునుగా పడుకుంది, ఇంకా జరిపితే బోర్లపడింది.

"ఎక్స్ స్క్వేర్ ముందటి అంకె మైనస్ అయితే బోర్ల పడ్తది మేడం!" అని అరిచాను.

"గదే నీ పుస్తకంల రాసింది. ఇగ మీ భాషల చెప్పు."

మా తండా నుంచే వచ్చిన స్నేహితురాలికి లంబాడీలో చెప్పాను. ఒక్క ముక్క అర్థం కాకున్నా మేడం చివరిదాకా విన్నారు. కూలి మాట నేను మళ్లీ ఎత్తలేదు. ఆ ఏడు పాసయ్యాను.

అర్థమైందా అని ఆమె ఎవరినీ అడిగేవారు కాదు. "నాకు చెప్పు," అనేవారు. ఎంత తప్పు చెప్పినా మధ్యలో ఆపేవారు కాదు. ఇప్పుడు నేనూ అట్లాగే అంటున్నాను.

నిన్న మా ల్యాబులో ఒక అమ్మాయి తెర మీద కొండలా లేచిన గ్రాఫ్‌ను మౌసుతో తిప్పుతోంది. ఆ కొండ అడుగు ఎట్లుందో చూడాలని, మౌసు సంగతి మరిచి తనే బల్ల మీదికి తల వంచేసింది. ఆమెను చూసి పక్కవాళ్లూ వంగారు.